పండిట్ పీఎల్-200: పగిలిన కాంక్రీటుకు పరీక్ష పెట్టే యంత్రం, రాయగడ–పర్లాకిమిడి పనులకు ఎంతవరకు?

ఈ యంత్రం కొలిచేది ఒక్కటే, కాలం. పిల్లరుకు ఒక పక్క పెట్టిన ట్రాన్స్‌డ్యూసర్ (కరెంటును కుదుపుగా, కుదుపును కరెంటుగా మార్చే ముక్క) లోపలికి చిన్న కుదుపు పంపుతుంది. ఎదురు పక్కన పెట్టిన రెండోది ఆ కుదుపు అందుకుంటుంది. మధ్యలో ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో తెర మీద కనిపిస్తుంది. దూరాన్ని ఆ కాలంతో భాగిస్తే వేగం వస్తుంది. పిల్లరు బాగుందా లేదా, పగులు ఎంత లోతు, పగులు నింపడానికి ఎక్కించిన ఎపాక్సీ జిగురు లోపలికి దిగిందా లేదా అన్నవి ఆ కాలం నుంచి మనిషి తేల్చుకోవలసినవి. అందుకే యంత్రం ఎంత మంచిదైనా, పట్టుకున్నవాడికి పగులులో అల ఎలా నడుస్తుందో తెలియకపోతే రిపోర్టు తప్పుతుంది.

ప్రొసెక్ వాళ్ల పండిట్ పేరు ఇంజనీర్ల నోట ఎంత నలిగిందంటే, చాలామంది అల్ట్రాసోనిక్ పల్స్ వెలాసిటీ టెస్టునే పండిట్ టెస్టు అంటారు. ఆ వరుసలో పీఎల్-200కు పెద్ద టచ్ తెర ఉంది, అందుకున్న అల ఆకారం మొత్తం అక్కడికక్కడే కనబడుతుంది. దానికంటే చిన్నదైన పండిట్ ల్యాబ్ తన తెర మీద అంకెలే చూపిస్తుంది, అల చూడాలంటే ల్యాప్‌టాప్ తగిలించాలి. రెండూ సమయాన్ని 0.1 మైక్రోసెకను వరకు చదువుతాయి. గట్టి కాంక్రీటు మీద రెండింటికీ పెద్ద తేడా రాదు. పగిలిన కాంక్రీటు మీద మాత్రం ఆ తెరకే డబ్బు పెట్టవచ్చు. కారణం కింద అంకెలతో చెబుతాం.

పెట్టెలో 54 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్లు రెండు, కేబుళ్లు, ట్రాన్స్‌డ్యూసరుకూ కాంక్రీటుకూ మధ్య పూసే జిగురు ద్రవం, సరిచూసుకునే కడ్డీ వస్తాయి. కడ్డీ మీద దాని సమయం రాసి ఉంటుంది. పని మొదలు పెట్టేముందు, మధ్యాహ్నం ఒకసారి, కేబులు మార్చిన ప్రతిసారీ కడ్డీ మీద పెట్టి సున్నా సరిచేయాలి. ఈ ఒక్క పని మానేస్తే ఆ రోజు అంకెలన్నీ ఒకే వైపు జరిగిపోతాయి, ఎవరూ గమనించరు. పెట్టెలో వచ్చే కేబుళ్లు పొట్టివి. గోడకు రెండు వైపులా నిలబడి చూడాలన్నా, వాటర్ ట్యాంకు గోడ చూడాలన్నా పొడుగు కేబులు విడిగా తీసుకోవాలి. బ్యాటరీతో నడుస్తుంది గనక రాయగడ జిల్లా కాశీపూర్, మునిగుడ లోపలి ఊళ్లలో కరెంటు పోయినా పని ఆగదు.

ఇక అల సంగతి. మంచి కాంక్రీటులో ఒత్తిడి అల సెకనుకు సుమారు 4 కిలోమీటర్లు పోతుంది. సైటులో గుర్తు పెట్టుకోవడానికి మైక్రోసెకనుకు 4 మి.మీ. అనుకుంటే చాలు. 54 కిలోహెర్ట్జ్ వద్ద అల పొడవు దాదాపు 74 మి.మీ. ఈ అంకె ముఖ్యం. అంతకంటే బాగా చిన్న నెర్రెలను అల ఒక్కొక్కటిగా చూడలేదు. కానీ అవి వందల్లో ఉంటే కాంక్రీటు మొత్తం మెత్తబడినట్టు దానికి తెలుస్తుంది. 1976లో బుడియాన్‌స్కీ, ఓకానెల్ చూపించింది ఇదే: చదునైన పగుళ్లు పదార్థం బరువును తగ్గించవు, బిగువును తగ్గిస్తాయి. ఆ తగ్గుదల పగుళ్ల సంఖ్యతోపాటు వాటి వ్యాసార్థపు ఘనం మీద ఆధారపడుతుంది. అంటే 10 మి.మీ. వ్యాసార్థపు పగులు ఒక్కటి, 1 మి.మీ. పగుళ్లు వెయ్యింటితో సమానం. మంటల్లో కాలిన దుకాణపు శ్లాబు పైకి బాగానే కనిపిస్తున్నా వేగం పడిపోవడానికి కారణం ఇలాంటి సన్న పగుళ్లే.

పగుళ్లకు దిశ కూడా ఉంటుంది. బరువు మోస్తున్న పిల్లరులో పగుళ్లు ఎక్కువగా నిలువునా తెరుచుకుంటాయి. వాటిని అడ్డంగా దాటే అల ఆలస్యమవుతుంది, వాటి వెంబడి పోయేది అంతగా కాదు. కాబట్టి పిల్లరును ఒక జత ముఖాల మీద చూసి వదిలేయడం సగం పని. ఒకే ఎత్తులో రెండు జతల ముఖాలూ చూడాలి. రెండింటి మధ్య తేడా గట్టిగా వస్తే ఆ తేడాయే సమాచారం, సగటు తీసి దాన్ని చెరిపేయకూడదు.

పెద్ద పగులు వేరే కథ. కాంక్రీటుకూ గాలికీ మధ్య అలను అడ్డుకునే గుణంలో తేడా 20 వేల రెట్లకు పైమాటే. అందుకే 0.1 మి.మీ. వెడల్పున్న పొడి పగులు చాలు, అల ఎదురుగా దాటలేదు. పగులు కొస దాకా దిగి, చుట్టు తిరిగి అవతలికి ఎక్కుతుంది. ఆ చుట్టుదారి వల్ల రెండు పనులు జరుగుతాయి: సమయం పెరుగుతుంది, అల బలం బాగా తగ్గుతుంది.

అంకెలే చూపే యంత్రాలు మోసపోయేది ఆ బలం తగ్గడం దగ్గరే. యంత్రం గడియారం ఆపేది అల ఒక నిర్ణీత ఎత్తు దాటినప్పుడు. మొదటి అల మరీ బక్కగా వస్తే ఆ ఎత్తు అందదు. వెనక వచ్చే పెద్ద అల మీద గడియారం ఆగుతుంది. 54 కిలోహెర్ట్జ్‌కు ఒక పూర్తి ఊపు 18.5 మైక్రోసెకన్లు, సగం ఊపు 9.3. తొమ్మిది అంగుళాల పిల్లరు, అంటే 230 మి.మీ. తీసుకోండి. 4 కి.మీ. వేగానికి 57.5 మైక్రోసెకన్లు రావాలి. సగం ఊపు తప్పితే 66.8 చూపిస్తుంది, వేగం 3.44 అవుతుంది. పూర్తి ఊపు తప్పితే 76 చూపిస్తుంది, వేగం 3.03కి దిగుతుంది. పిల్లరు అదే, కానీ కాగితం మీద బాగున్నదల్లా మెట్టు దిగిపోతుంది. అల కళ్లకు కనిపిస్తే మొదటి కదలిక ఎక్కడ మొదలైందో చూసి గుర్తును వేలితో జరపవచ్చు, లేదా గెయిన్ (అందిన అలను పెద్దది చేసి చూపే మోతాదు) పెంచి మళ్లీ చదవవచ్చు. పీఎల్-200కు మేం ఎక్కువ మార్కులు వేసేది దీనికే.

పగులు లోతు కొలిచే పద్ధతి ఇందులో ఉంది, చేత్తో లెక్క కట్టడం కూడా తేలికే. పగులుకు రెండు వైపులా సమాన దూరంలో, ముందు 150 మి.మీ. చొప్పున, తరవాత 300 మి.మీ. చొప్పున ట్రాన్స్‌డ్యూసర్లు పెట్టి రెండు సమయాలు తీసుకోవాలి. మొదటి సమయపు వర్గాన్ని 4తో గుణించి, అందులోంచి రెండో సమయపు వర్గం తీసేయాలి. దాన్ని, రెండో వర్గంలోంచి మొదటి వర్గం తీసేసిన అంకెతో భాగించాలి. వచ్చినదాని వర్గమూలాన్ని 150తో గుణిస్తే లోతు మి.మీ.లో వస్తుంది. 87.5, 156.6 మైక్రోసెకన్లు వచ్చాయనుకుంటే లోతు 90 మి.మీ.

లెక్క చక్కగానే ఉంటుంది, కాకపోతే చాలా సున్నితం. పైన మొదటి రీడింగు 2 మైక్రోసెకన్లు ఎక్కువ చదివితే లోతు 101 అవుతుంది. రెండోది 2 ఎక్కువైతే 84కు పడుతుంది. ఇక లోతు తక్కువ ఉన్న పగుళ్ల దగ్గర ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. 20 మి.మీ. లోతు పగులుకు 150 దూరం వద్ద వచ్చే సమయం 75.7 మైక్రోసెకన్లు. అసలు పగులే లేకపోతే 75.0. గ్రీజు మందంలో చిన్న తేడా వచ్చినా ఆ 0.7 మునిగిపోతుంది. 20 మి.మీ., 15 మి.మీ. అని లోతులు రాసిన రిపోర్టు చేతికొస్తే ఆ అంకెలను నమ్మి బిల్లు కట్టకండి. 50 మి.మీ. దాటిన పగుళ్లకే ఇది పనికొచ్చే కొలత అని మా అభిప్రాయం. అప్పుడు కూడా ఒకే పగులు వెంబడి కనీసం మూడు చోట్ల చూసి, మూడూ దగ్గరగా వస్తేనే ఒప్పుకోవాలి.

ఇంకో పెద్ద చిక్కు ఇనుము. ఉక్కులో అల కాంక్రీటులో కంటే వేగంగా పోతుంది. పగులును దాటే ఊచ ఉంటే అల దాని మీదుగా వంతెన దాటినట్టు దాటుతుంది. బీము కింద ముఖాన మధ్యలో ఉండే పగుళ్లకు మెయిన్ ఊచలు అడ్డంగా ఉంటాయి. కింద నుంచి కొలిస్తే లోతు కవరు, అంటే ఊచల మీది కాంక్రీటు పొర, మందం దగ్గరే తేలుతుంది, పగులు ఎంత పైకి పాకినా సరే. ఇలాంటిచోట బీము పక్క ముఖాల మీద, పగులు ఎక్కడిదాకా ఎక్కిందో వరసగా చూసుకుంటూ పోవాలి. ముందు లోపలి ఊచలు ఎక్కడున్నాయో చెప్పే కవర్ మీటరుతో ఊచల గీతలు సుద్దతో గీసి, ట్రాన్స్‌డ్యూసర్లను రెండు ఊచల నడుమ పెట్టాలి. కవర్ మీటరు తేకుండా పగులు లోతు కొలుస్తామని వచ్చినవాళ్లను వెనక్కి పంపేయవచ్చు. 125 మి.మీ. శ్లాబులో లెక్క 150 అనో 180 అనో వస్తే యంత్రం పాడైందనుకోకండి. పగులు ఇవతలి నుంచి అవతలికి పోయిందని, అల ఏదో పక్కదారిన వచ్చిందని అర్థం.

ఈ ప్రాంతానికి అన్నింటికంటే ఎక్కువ గుర్తుండవలసింది నీటి విషయం. నాగావళి, వంశధార, మహేంద్రతనయ పరీవాహకంలో వానాకాలం గట్టిగా ఉంటుంది, వాలు లేని శ్లాబుల మీద నీళ్లు నిలుస్తాయి. గాలి ఉన్న పగులు అలను ఆపేస్తుంది. నీళ్లు నిండిన పగులు ఆపదు. 0.1 మి.మీ. పగులు నిండా నీళ్లుంటే, లెక్క ప్రకారం నూటికి 99 వంతుల శక్తి తిన్నగా దాటిపోతుంది. తడి కాంక్రీటులో వేగం కూడా కొద్దిగా పెరుగుతుంది, 5 శాతం దాకా. శ్రావణంలో చూస్తే శ్లాబు బాగుందని వచ్చి, ఫాల్గుణంలో చూస్తే అదే శ్లాబు పనికిరాదని రావడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. 2018 అక్టోబరు తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచెత్తింది. అలాంటి తుపానుల తరవాత భవనాలు చూడడానికి తొందరపడతాం. ఆ తొందరలోనే ఈ పొరపాటు జరుగుతుంది. కనీసం పది, పదిహేను రోజుల ఎండ తగిలాక చూడాలి. ఆగలేని పని అయితే రిపోర్టులో తడి అని రాయించి, ఆరాక అవే చుక్కల మీద మళ్లీ చూడాలి. తడికీ పొడికీ మధ్య తేడా ఎక్కడ ఎక్కువ వస్తే పగుళ్లు అక్కడ ఎక్కువ. ఓపిక ఉంటే తడిని ఇలా పనికి పెట్టుకోవచ్చు.

నీళ్లను పట్టుకునే ఇంకో దారి కోత అల (షియర్ వేవ్), అంటే కాంక్రీటును పక్కలకు ఊపుతూ ముందుకు పోయే అల. ద్రవం కోత అలను దాటించదు, అందుకని నీళ్లున్న పగులు కూడా దానికి గోడే. మంచి కాంక్రీటులో కోత అల వేగం ఒత్తిడి అల వేగంలో 0.6 వంతు ఉంటుంది. ఒత్తిడి అల బాగానే ఉండి కోత అల మాత్రం ఆలస్యంగా, బలహీనంగా వస్తే నీరు పట్టిన పగుళ్లని అనుమానించాలి. దీనికి వేరే ట్రాన్స్‌డ్యూసర్లు కొనాలి, ఖర్చు ఎక్కువ. మామూలు గ్రీజు దీనికి పనికిరాదు, బాగా చిక్కటి జిగురు కావాలి. ల్యాబుల్లో తేనె వాడడం పాత అలవాటే. మన్యం తేనె ఈ పనికి వాడాలంటే మనసు ఒప్పదు గానీ పని చేస్తుంది.

చేసే తీరు ఇలా ఉండాలి. చుక్కలు పెట్టే చోట ప్లాస్టరింగు పూర్తిగా కొట్టించాలి. ప్లాస్టరింగు కాంక్రీటును వదిలి బోలుగా ఉంటే అల అక్కడే చస్తుంది. అంటుకునే ఉన్నా, 12 మి.మీ. చొప్పున రెండు వైపులా 24 మి.మీ. దూరం లెక్కలో గందరగోళం చేస్తుంది. తరవాత ఎమెరీ రాయితో నున్నగా రుద్ది, దుమ్ము తుడిచి, పలుచగా గ్రీజు పట్టించి, ట్రాన్స్‌డ్యూసరును గట్టిగా నొక్కాలి. అంకె నిలకడగా ఆగేదాకా నొక్కి ఉంచాలి. మూడుసార్లు తీసి మూడూ ఒకటి రెండు శాతం లోపల ఉంటేనే రాయాలి. దూరం టేపుతో కాదు, కాలిపర్‌తో కొలవాలి. 230 అనుకున్న పిల్లరు 225 ఉంటే వేగంలో 2 శాతం తప్పు అక్కడే వచ్చేసింది. ఎదురెదురు ముఖాలు దొరికితే నేరుగానే చూడాలి. ఒకే ముఖం మీద రెండూ పెట్టి చూస్తే అందే అల బలం నేరుగా చూసినదానిలో రెండు మూడు శాతమే ఉంటుంది, వేగం 5 నుంచి 20 శాతం తక్కువ చూపిస్తుంది. శ్లాబు పై నుంచి మాత్రమే చూసిన అంకెలను పిల్లరు అంకెల పక్కన పెట్టి పోల్చకూడదు.

రిపోర్టు చదివేటప్పుడు ఏ పట్టిక వాడారో చూడండి. పాత భారత ప్రమాణం ఐఎస్ 13311 మొదటి భాగం, 1992, ప్రకారం వేగం సెకనుకు 4.5 కి.మీ. పైన ఉంటే చాలా బాగుంది, 3.5 నుంచి 4.5 బాగుంది, 3.0 నుంచి 3.5 మధ్యస్థం, 3.0 లోపు అనుమానాస్పదం. దాని స్థానంలో 2018లో ఐఎస్ 516 అయిదో భాగం మొదటి సెక్షన్ వచ్చింది. ఇప్పటికీ పాత పట్టికే అతికించే ల్యాబులు ఉన్నాయి. వేగం నుంచి నేరుగా ఎం20, ఎం25 అని బలం రాసిస్తే అది ఇంకా పెద్ద తప్పు. వేగం కంకర మీద ఆధారపడుతుంది. మన తూర్పు కనుమల్లో ఒక క్రషరు చార్నకైట్ కొడుతుంది, ఇంకోటి ఖోండలైట్ కలిసిన రాయి కొడుతుంది. వేరే ఊరి కంకరతో గీసిన గ్రాఫు ఇక్కడ నడవదు. బలం కావాలంటే కోర్లు, అంటే కాంక్రీటును తొలిచి తీసే గుండ్రటి ముక్కలు, తీయాల్సిందే. ఈ యంత్రం ఆ కోర్లు ఎక్కడ తీయాలో చూపిస్తుంది, ఆ మేరకు చాలా డబ్బు మిగులుస్తుంది.

యంత్రం నిజంగా రాణించేది మరమ్మతు ముందూ వెనకా చూడడంలో. ఎపాక్సీ ఎక్కించే ముందు పొడి పగులు మీద సమయం, అల ఎత్తు రాసుకోవాలి. ఎక్కించి వారం ఆరాక అవే చుక్కల మీద మళ్లీ తీయాలి. ఎపాక్సీ కొసదాకా దిగితే సమయం పక్కనున్న మంచి కాంక్రీటు సమయానికి దగ్గరపడుతుంది. ఇందులోనూ ఒక మోసం ఉంది. ఎపాక్సీ ఎక్కించే నాజిళ్లు పెట్టేటప్పుడు పగులు నోరు పుట్టీతో మూసేస్తారు. అల ఆ 5 మి.మీ. పుట్టీ మీదుగా అడ్డదారిన దాటేస్తుంది. లోపల ఖాళీగానే ఉన్నా సమయం మంచిదిగా వస్తుంది. మేస్త్రీ సిమెంటు పాలు పోసి పగులు మూసుకుపోయిందన్నా అదే జరుగుతుంది. అల ఎత్తు చూస్తే దొరికిపోతుంది: పుట్టీ మీదుగా వచ్చిన మొదటి అల సన్నగా, నిండిన పగులు దాటి వచ్చినది లావుగా ఉంటుంది. అందుకే నాజిళ్లు, పుట్టీ చెక్కేశాక కొలవాలని ఒప్పందంలో రాయించండి. ఎత్తు పోల్చాలంటే రెండు సార్లూ గెయిన్, వోల్టేజి, గ్రీజు ఒకటే ఉండాలి.

పర్లాకిమిడి వైపు సున్నం, ఇటుకల పాత కట్టడాలకు మాత్రం 54 కిలోహెర్ట్జ్ పెద్దగా ఉపయోగపడదు. ప్రతి జాయింటూ ఒక పగులులాగే అలను మింగేస్తుంది. 24 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్లు కొంత నయం.

కొనాలా, పిలిపించుకోవాలా? ధర లక్షల్లో ఉంటుంది. నెలకు నాలుగైదు భవనాలు చూసే కన్సల్టెంటు, జిల్లా అంతటా మరమ్మతులు పట్టే కాంట్రాక్టరు అయితే పీఎల్-200 కొనుక్కోవచ్చు. రెండో చేతి పండిట్ ల్యాబ్ దొరికినా సరే, ల్యాప్‌టాప్ వెంట తెచ్చే అలవాటుంటే. మిగిలినవాళ్లు బరంపురం నుంచో విశాఖ నుంచో పిలిపించుకోవడమే మేలు. పిలిచేముందు నాలుగు సంగతులు ఫోనులోనే తేల్చుకోవాలి: అల కనిపించే యంత్రమేనా, కవర్ మీటరు తెస్తారా, ప్రతి చుక్కకూ సమయంతోపాటు అల బొమ్మ కూడా ఇస్తారా, కాంక్రీటు తడిగా ఉందో పొడిగా ఉందో రాస్తారా. చివరి రెండింటికీ ఒప్పుకోనివాళ్లు తక్కువ ధర చెప్పినా వద్దు.

పని అయిపోయాక గ్రీజు మరకలు అలాగే వదిలేసి పోతారు. దాని మీద ప్లాస్టరింగు పట్టదు, రంగు అంతకన్నా పట్టదు. గుడ్డతో తుడిచి, సబ్బునీళ్లతో వైర్ బ్రష్ పెట్టి రుద్ది, ఆరాకే మేస్త్రీని పిలవాలి.